చింత బదనిక

స్టీల్ ప్లాంట్‌లో క్రేన్ నడిపే సత్యానికి చేతకాని పని ఒక్కటే, తెలీదు అనడం. గాజువాకకి దారి అడిగినవాణ్ణి ఎలమంచిలి పంపించేవాడు గానీ ఆ ఒక్క మాటా అనేవాడు కాదు. ఇరవయ్యేళ్ళ కాపురంలో అతని భార్య పుష్ప కూడా అది వినలేదు.

ఆ పుష్ప బాత్రూంలో జారిపడి కుడి ముంజేయి విరగ్గొట్టుకుంది. కట్టు విప్పి ఎక్స్‌రే చూసిన డాక్టరు, ఎముక అతకలేదు, ఆపరేషన్ చేసి రాడ్డు వెయ్యాలన్నాడు. రాడ్డు మాట విన్నాక ఆమెకి ముద్ద దిగలేదు. కబురందుకుని ఊరినుంచి వాళ్ళమ్మ ఆదిలక్ష్మమ్మ దిగింది. ఆవిడ సత్యానికి మేనత్త కూడా. చెట్ల కొమ్మలమీద మొలిచి, వాటి రసం పీల్చి బతికే బదనికతో ఎముకలు అతికిస్తుందని ఆవిడకి పేరు.

చింతచెట్టు మీది బదనిక తెమ్మంది. ముందురోజు సాయంత్రమే చెట్టుకి బొట్టు పెట్టి, పేరంటానికి పిలిచినట్టు పిలిచి, ఎవరికోసమో చెప్పాలట. మర్నాడు ఇనుము తగలకుండా విరిచి, సాక్ష్యానికి చెట్టు కొమ్మముక్క కూడా తేవాలట.

"బదనికకి సొంత గుణం నేదురా. ఏ సెట్టు మీదుంటే ఆ సెట్టు గుణమే. సింత మీదిది మందు. ముష్టిసెట్టు మీదిది పేనం తీసెత్తాది," అంది.

ఆవిడ మాట పూర్తి కాకముందే సత్యం తెలుసన్నాడు.

సాయంత్రం షిఫ్టు ఉండటంతో పిలుపు ఎగ్గొట్టాడు. మర్నాడు సింహాచలం కొండ వెనక వెతుకుతుంటే, ఆకులన్నీ రాల్చేసిన చెట్టొకటి కనిపించింది. దాని మీద బదనిక మాత్రం గుబురుగా, పచ్చగా ఉంది. మోడు చూసి అది ఏ చెట్టో చెప్పడం అతనివల్ల కాలేదు. అటుగా మేకలవాడు పోతున్నాడు. అడిగితే తెలీదని ఒప్పుకున్నట్టే కదా. అందుకని అది చింతేనని తీర్మానించాడు. స్కూటర్ డిక్కీ మూత పడకపోయేసరికి కొమ్మముక్కలు అక్కడే పారేసి, ఆకులు తెచ్చాడు.

కొమ్మముక్క ఏదని అత్త అడిగింది. దారిలో పడిపోయిందన్నాడు. చెట్టుని పిలిచావా అంది. పిలిచి, మా పుష్ప చెయ్యి బాగుచెయ్యి తల్లీ అని దణ్ణం పెట్టానన్నాడు. అబద్ధం ఎంత బాగా వచ్చిందంటే అతని కళ్ళే చెమర్చాయి.

ఆవిడ ఆకులు నూరి, పాలల్లో కలిపి ఇచ్చింది. పుష్ప ఎడంచేత్తో గ్లాసందుకుని, అది చింతదేనా అని మొగుణ్ణి అడిగింది. చింతదే అన్నాడు. ఆమె గ్లాసు పెదాలకి ఆనించింది. సత్యం ఒక్క అంగలో వెళ్ళి గ్లాసు లాక్కున్నాడు.

"అది ఏ సెట్టో నాకు తెల్దు పుష్పా."

ఆదిలక్ష్మమ్మ గ్లాసు తీసుకెళ్ళి సింకులో ఒంపేసింది. తర్వాత అతన్ని తండ్రితో సహా తిట్టడం మొదలుపెట్టి, ఆ తండ్రి తన తోడబుట్టినవాడేనని మధ్యలో గుర్తొచ్చి ఊరుకుంది. అల్లుడి మొహం చూడలేక పెరట్లోకి పోయింది.

పుష్ప మాత్రం ఆశ్చర్యపోలేదు.

"నీకు తెల్దని నాకు తెల్సు బావా," అంది.

"మరి తాగబోయావేటి?"

"నువ్వు ఆపుతావో నేదో సూద్దామని."

"ఆపకపోతే?"

"తాగీసుందును."

సత్యం నేలమీద కూలబడి ఏడ్చాడు. ఆమె ఏడవనిచ్చింది. కాసేపటికి పక్కన కూర్చుని, ఆపరేషన్ అంటే తనకి భయంగా ఉందని చెప్పింది. నిన్నటిదాకా అయితే, ఏం కాదు, ఆ డాక్టరు సంగతి నాకు తెలుసు అనేవాడు.

"నాకూ బయంగానే ఉంది," అన్నాడు.

పుష్ప అతనికి ఇంకొంచెం దగ్గరగా జరిగింది.