ఒక వైపు ఇరవై రెండు నిమిషాలు

"దుమ్ము తుడువు, అంతవరకే. ప్లేయరు ముల్లు జోలికి పోకు, నీ చేతికి నిలకడ లేదు," అన్నారు మా ఆయన, మధ్యాహ్నం ఆఫీసు స్నేహితులు నలుగురు వస్తున్నారని చెప్పిన నోటితోనే. పదకొండేళ్ళుగా ఆ పాటల రికార్డుల్ని ఒక్కొక్కటే అట్టలోంచి తీసి, అంచులు పట్టుకుని, మెత్తటి గుడ్డతో తుడిచి బీరువాలో సర్దుతున్నవి ఈ నిలకడ లేని చేతులే. ఒళ్ళు మండిపోయింది. కానీ గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టాను. తప్పు చేసి ఉన్నాను మరి.

వారం కిందట ఆయన ఆఫీసుకి వెళ్ళాక నీలం అట్ట రికార్డు పెట్టుకున్నాను. మొదటిసారేం కాదు, రెండేళ్ళుగా రోజూ ఏదో ఒకటి పెట్టుకుంటున్నాను. ఫోనులో పాటలు లేవా అంటే, ఉన్నాయి. అవి నా వెంటే వంటింట్లోకొస్తాయి, అంట్లు తోముతుంటే పక్కన పాడతాయి. రికార్డు అలా రాదు. నేనే వెళ్ళి దాని ముందు కూర్చోవాలి. ముల్లు దించగానే చిటపటమని చిన్న చప్పుడు, తర్వాత పాడబోయే మనిషి ఊపిరి. ఒక వైపు ఇరవై రెండు నిమిషాలు. ఈ ఇంట్లో నేను కూర్చునేది ఆ కాసేపే. ఆ రోజు రెండో పాట నడుస్తుండగా వెనక గదిలోంచి అత్తగారు, "అమ్మాయ్, పాలు పొంగిపోతున్నాయి! చెవుల్లో దూది పెట్టుకున్నావా?" అని కేకేసింది. గభాలున లేచి ముల్లు ఎత్తబోతే చెయ్యి జారింది. గర్రుమని రికార్డు మీద గీత పడింది.

ఆ రికార్డంటే ఆయనకి ప్రాణమట. "కళ్ళు మూసుకుని చెప్తా, ఏ పాటలో ఎక్కడ ఏం వస్తుందో," అంటారు అందరితో. ఆయన అరుస్తారని కాదు నా భయం, అరుపులు అలవాటే. ఆ బీరువాకి తాళం పడుతుంది. అప్పుడు నా ఇరవై రెండు నిమిషాలు ఏమైపోవాలి?

స్నేహితులొచ్చారు. ఆయన నీలం అట్టే తీశారు. టీ కప్పుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలో బిగుసుకుపోయాను. కొత్త మేనేజరు గురించి కబుర్లు జోరుగా సాగుతున్నాయి. మొదటి పాట అయింది. రెండోదాంట్లో గాయని "ఇంకొంచెం సేపు" అంది. మళ్ళీ "ఇంకొంచెం సేపు". మళ్ళీ అదే. ఏడు, పది, పదిహేను. ఆయన కాలు ఆడిస్తూ, "చూశారా, ఈ కమ్మదనం ఫోనుల్లో చచ్చినా రాదు," అన్నారు. "అబ్బ, నిజమండీ," అన్నాడొకాయన.

ఓరి దేవుడా, ఈయనకు వినబడటమే లేదు! వారం రోజులుగా నేను వణికి చచ్చింది ఈయన చెవులకా?

పళ్ళెం బల్లమీద పెట్టి, ముల్లు ఎత్తి, గీత దాటించి దించాను. చెయ్యి వణకలేదు.

"ఏయ్, ఏయ్! ఏంటా పని?"

"గీత పడిందండీ. నేనే పెట్టాను, పోయిన వారం. మీరు వెళ్ళాక రోజూ వింటాను."

ఆయన ముఖం కందిపోయింది. "ఇక ఆ బీరువాకి తాళం వెయ్యాల్సిందే!"

"వెయ్యండి. తుడిచేదెవరో కూడా చూసుకోండి."

నలుగురి ముందూ నవ్వు పులుముకుని, "సర్లే, వెళ్ళి ఇంకోసారి టీ పట్రా," అన్నారు.

ప్లేయరు ముందున్న ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఈ వైపు అయ్యాక చూద్దామండీ. ఇంకా పద్నాలుగు నిమిషాలుంది."