కూతురికి కుదిర్చిన సైకిల్

తక్కువ ధరలో నమ్మకమైన పాత సైకిల్ కావాలంటే ఆ పేటవాళ్లంతా మేస్త్రి షాపుకే వచ్చేవారు. ఆయన చక్రం ఒకసారి తిప్పి, ఆ చప్పుడు విని, రంగు చూసి మోసపోకండి, లోపలంతా తుప్పేనని తేల్చేసేవాడు. ముప్పై ఏళ్లుగా ఆ మాటకు తిరుగులేదు.

అంతటి మనిషికీ సొంత కూతురికి సైకిల్ చూడడానికి వారం పట్టింది. ఆమె ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసే లాండ్రీలో పనిచేస్తుంది. డ్యూటీ ఉదయం ఆరింటికి మార్చారు. ఆ వేళకు బస్సు లేదు, ఆలస్యంగా వెళ్తే ఆ రోజు లోపలికి రానివ్వరు.

చివరికి రెండు మిగిలాయి. లావు టైర్లది మోయలేనంత బరువు. సన్న టైర్లది తేలిక. పూటంతా నిలబడే పిల్ల, తిరిగొచ్చేటప్పుడు దారిలోని వంతెన ఎక్కలేక ఆయాసపడుతుందని జాలిపడి, ఆయన తేలికదే ఎంచాడు. కొత్త బ్రేకులు వేశాడు, సీటు ఎత్తు సరిచేశాడు. ఆ దారిలో తానొకసారి తొక్కి చూడాలని మాత్రం ఆయనకు తోచలేదు. బండి బాగుంటే చాలుననుకోవడం షాపులో కూర్చుని తలపండినవాడి పొరపాటు.

మూడో వారం వెనక నుంచి ఒక లారీ హారన్ కొడుతూ మీదికొచ్చింది. పిల్ల బెదిరి రోడ్డు అంచుకు జరిగింది. అక్కడ మురుగుకాలువ మీద పరిచిన ఇనుప కడ్డీల సందులో ముందు చక్రం దిగబడింది. పిల్ల ఎగిరి పడింది, కుడి మణికట్టు నుజ్జయింది. ఎముక అతుక్కుంది గానీ వేళ్లు ముడుచుకోవడం లేదు. ఇస్త్రీపెట్టె పట్టలేని చెయ్యి లాండ్రీకి ఎందుకు? పనిలోంచి తీసేశారు.

ఇరుగుపొరుగు తలో మాటా అన్నారు. చవక సరుకన్నారు, ఆడపిల్లకు సైకిలెందుకన్నారు. రోడ్డును పల్లెత్తు మాట అన్నవాడు లేడు. మేస్త్రి ఆ చోటికి వెళ్లి చతికిలబడి చూశాడు. కడ్డీలను అడ్డంగా కాక, బండ్లు పోయే వైపే పొడుగ్గా పరిచారు. సన్న చక్రం దిగకుండా ఎలా ఉంటుంది? ఆ సంగతే రోడ్ల ఆఫీసులో విన్నవించుకుంటే, అధికారి ఓపిగ్గా విని, సైకిల్ అంత అంచుకు ఎందుకు వెళ్లిందని అడిగాడు. దీనికేం జవాబు చెప్పాలో మీకు తెలిస్తే చెప్పండి.

ఇంటికొచ్చి కూతురి చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

"నువ్వు మంచిదే ఇచ్చావు నాన్నా," అందా పిల్ల. ఆ మాటతో ఆయన మరింత కుంగిపోయాడు.

కూతుర్ని పనిలోంచి తీసేసి నెల తిరక్కముందే ఒకామె షాపుకొచ్చింది. "లాండ్రీలో పని దొరికింది బాబాయ్. పాపం, ముందున్న అమ్మాయికి చెయ్యి పోయిందట. చవకలో ఒక సైకిల్ చూసిపెట్టు, రేపటి నుంచే వెళ్లాలి."

ఆ అమ్మాయి ఎవరో మేస్త్రి చెప్పలేదు. వద్దనడానికి నోరు రాలేదు, ఆమె ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. ఒక సైకిల్ తీసి ఆమె చేతికిచ్చాడు.

"బ్రేకులకు పూచీ నాది తల్లీ, రోడ్డుకు పూచీ పడేవాళ్లెవరూ లేరు," అన్నాడు. "సైకిల్ తొక్కుకుంటూ పనికి పోయేవాళ్లదీ ప్రాణమేనని రోడ్లు వేసేవాళ్లకు తట్టనంత కాలం, నేనెంత మంచి సైకిల్ ఏరి ఇచ్చినా, నువ్వు ఇల్లు చేరతావని చెప్పలేను."