జానెడు నవారు

కత్తెర దొరికితే వసుమతికి చెయ్యి ఆగదు. నందిగామలో ఆమె పాఠాలు చెప్పే కాలేజీలో ఆ రోజు దేశదేశాల పట్టీ నేతల ప్రదర్శన. నడుముకి పడుగు బిగించుకుని నేసే పెరూ ఆడవాళ్ళు, చిల్లుల అట్టలు తిప్పుతూ నేసిన టిబెట్ పట్టీ, నార్వే వాళ్ళ నేత చెక్క, అన్నీ ఇంటర్నెట్లోంచి దించిన ఫొటోలే. అసలు సరుకు ఒక్కటే ఉంది. జగ్గయ్యపేట జయమణి ఇచ్చిన నవారు.

మంచానికి అల్లే ఆ నూలు పట్టీని జయమణి తల్లి నేసింది. వసుమతి నాలుగు ఆదివారాలు వాళ్ళ గుమ్మంలో కూర్చుని, టీలు తాగి, నవారు చుట్ట మొత్తం పట్టుకొచ్చింది. "జాగర్తగా తెచ్చివ్వండి మేడం గారూ, మా అమ్మది ఇదొక్కటే మిగిలింది" అంది జయమణి. అలాగే అంది ఈ మహాతల్లి. తీరా చూస్తే చుట్టంతా బోర్డు మీద పట్టదు. పట్టీ మొదట్లో జానెడు మేర అంచు వంకర్లు పోయి ఉంది. పాడైన ముక్కేగా, పోతే పోయిందని దాన్ని కోసి పిన్నులు గుచ్చింది. కింద కాగితం మీద అందంగా రాసింది కూడా: ‘నేర్పు లేని చేతి నేత. అంచు నిలవలేదు.’

జయమణిని ఆమె పిలవలేదు. అయినా ఎవరో చెబితే విని, బస్సెక్కి, ఉతికిన చీరలో వచ్చి గుమ్మం బయట చెప్పులు విడుస్తోంది.

"రండి జయమణి గారూ" అంది వసుమతి. నాలుగు ఆదివారాల్లో ఒక్కసారీ నోట రాని ‘గారూ’ ఇప్పుడు భయంతో వచ్చింది.

పెరూ ఫొటో చూసి జయమణి నవ్వింది. "అయ్యో, ఈవిడా నడుముకే కట్టుకుంది! మా అమ్మా ఇంతేనండి." బోర్డు చివరికొచ్చి ఆగిపోయింది. ముక్కని వేలితో తడిమింది.

"కింద ఏం రాశారండీ? నాకు చదువు రాదుగా."

"మంచి నేత అని" అంది వసుమతి. అబద్ధం అంత సులువుగా వచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"మంచిదేంటండీ, ఇంత వంకరగా ఉంటేను!" జయమణి మొహం విప్పారింది. "తొమ్మిదేళ్ళప్పుడు నేను నేసిన జానండి ఇది. విప్పెయ్యమ్మా అని ఏడ్చా. నీ మొదటి నేత, ఉండనియ్యవే అని మా అమ్మ అక్కణ్ణుంచే సాగించింది. ఆ కాయితం నాకిస్తారా? మా అబ్బాయి బెన్ని టీచరేగా, చదివి వినిపిస్తాడు."

వసుమతికి తల కొట్టేసినట్టయింది. కాగితం ఇస్తే సాయంత్రానికి కొడుకు చదువుతాడు. ఇవ్వకపోతే ఇంకో అబద్ధం కావాలి. విద్యార్థినులు చుట్టూ చూస్తుండగానే, ఉన్నది ఉన్నట్టు చదివింది.

జయమణి ముక్క మీంచి వేలు తీసేసింది.

"రాసింది నిజమేనండి. అప్పుడు నాకు నేర్పు లేదు" అంది. "కానీ నేనంత ఏడ్చినా మా అమ్మ విప్పలేదు. మీరు అడక్కుండా కోసేశారు."

వసుమతి క్షమించమనబోయింది. పిన్నులు పీకి ముక్కనీ, బీరువాలోంచి చుట్టనీ తెచ్చి చేతిలో పెట్టింది. జయమణి ముక్కని చుట్ట మొదట్లో ఆనించి చూసుకుంది. కాఫీ తాగమన్నా ఆగకుండా బస్సుకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం వచ్చిన లాస్య అనే విద్యార్థిని బోర్డు మీద ఖాళీ చోటు చూపించి, "మేడం, ఇక్కడిది ఏమైందండీ?" అని అడిగింది.

ఇచ్చినావిడ తీసుకెళ్ళింది అంటే సరిపోయేది. అది అబద్ధమూ కాదు.

"అది జయమణి గారు చిన్నప్పుడు నేసింది" అంది వసుమతి. "నేను పాడుచేశా."