క్రిస్మస్ ఫ్రెండ్‌కు కొత్త తాళం

డిసెంబరు వచ్చిందంటే పద్మారావు నగర్ చర్చిలో క్రిస్మస్ ఫ్రెండ్ ఆట చీటీల డబ్బా ప్రేమమణి చేతిలో ఉండాల్సిందే. అందరి పేర్లూ రాసి, మడిచి, డబ్బాలో వేసి గలగలా ఊపేది. ఎవరి పేరు వస్తే వాళ్లకు కానుక కొనాలి, అది విప్పేదాకా ఎవరిచ్చారో తెలియకూడదు. తెలియకూడదనే అందరూ అంటారు గాని, ప్రేమమణి నోట్లో నువ్వుగింజ నానితే గదా. పోయినేడు కానుకలు కొనకముందే సగం చర్చికి తెలిసిపోయింది. ఈసారి పెద్దలు ఆ పని ఆమె మనవరాలు క్యారల్‌కు అప్పగించారు.

క్యారల్‌ది రహస్యాలకు తాళాలు వేసే లెక్కల చదువు. ఆ తాళాన్ని మనుషుల మధ్య నడిపి చూపించమన్నాడట ప్రొఫెసరు. ఒక్క పేరు ముందే బయటపడినా ప్రాజెక్టు పోయినట్టే.

"అంత గట్టి తాళమా ఏందే?" అంది ప్రేమమణి, చిన్నబోయిన మొహం చిక్కుడుకాయల వైపు దించుకుని.

"లాటిస్ అంటరు నానమ్మా. రెజిమెంటల్ బజార్ సందులనుకో. దగ్గరి దారి ఎరుకైనోడు రెండు మలుపుల్ల ఇల్లు చేరతడు. ఎరుక లేనోడు పొద్దుందాక తిరిగినా దొరకది. ఆ దగ్గరి దారే తాళంచెవి."

"మరి ఎవరి పేరు వాళ్లకే వస్తే?"

"దానికి పెయిరింగ్ అని ఇంకో లెక్క ఉన్నది. రెండు డబ్బాల మూతలు తియ్యకుండనే, లోపల ఉన్నది ఒక్కటేనా కాదా చెప్తది. పేర్లు నాకు సుత తెల్వయి."

"నాకేం సమజ్ కాలే గాని, నువ్వు చెప్తుంటె మంచిగున్నది."

ఆదివారం అందరి ఫోన్లకూ పేర్లు వచ్చాయి. ఆ సాయంత్రమే రిటైరైన రైల్వే గార్డు జకర్యా ఫోను పట్టుకుని ప్రేమమణి ఇంటికి తడుముకుంటూ వచ్చాడు. ఒక కంటికి ఆపరేషను పట్టీ, రెండో కంటికి మసక.

"చెల్లె, జెర చదివి పెట్టు. ఇంట్లోళ్లకు చూపిస్తె ఊరంత చెప్తరు. నువ్వైతే నమ్మకం."

ఆ మాట తనతో అన్నవాళ్లు ఇంతవరకూ లేరు. మురిసిపోతూ అద్దాలు పెట్టుకుంది. ఫోనులో ఉన్నది ఆమె పేరే.

"ఎవరు చెల్లె?"

"నేనే అన్నా," అంది ప్రేమమణి, గొంతు తగ్గించి.

జకర్యా గడ్డం గోక్కున్నాడు. "అయితే నువ్వు చూడలే, నేను వినలే. సరే గాని, ఆమెకు ఏమిష్టమో?"

"ఎవరికో నాకేమెరుక? ఈ చలికి శాలువా ఎవరికైనా పనికొస్తది. ఎర్రదైతే సుత ఏమనుకోరు."

ఇక చూడాలి ఆమె అవస్థ. మాట గొంతుదాకా వచ్చినప్పుడల్లా బుగ్గన లవంగం పెట్టుకుంది. "ఒంట్లో బాలేదా వదినా? మాట్లాడతలేవు," అని పక్కింటి కాంతమణి మిరియాల కషాయం తెచ్చిచ్చింది. అది కూడా నోరెత్తకుండా తాగింది.

పండుగనాడు ఎర్ర శాలువా విప్పి, "అయ్యో, ఎవరబ్బా?" అంటూ చర్చి నలుమూలలా వెతికింది. ఒక్క జకర్యా వైపు మాత్రం చూడలేదు.

"ఒక్క పేరు సుత బయటపడలే," అని ఆటోలో క్యారల్ సంబరపడుతుంటే, ప్రేమమణి ఇక దాచలేక అంతా చెప్పేసింది. "నీ చదువు ఖరాబ్ చేసిన్నా బిడ్డా?"

క్యారల్ పకపకా నవ్వింది. "తాళం గట్టిదే నానమ్మా. కండ్లు కనవడనోళ్లను నేనే మర్చిపోయిన. ప్రొఫెసర్‌కు గిదే చెప్తా."

చెప్పింది, లోపం తనే పట్టుకున్నందుకు మార్కులూ వచ్చాయి. ఫోనే పేరు చదివేటట్టు చెయ్యమన్నాడట ఆయన. "ఫోను గట్టిగ చదివితే ఇంటిల్లిపాది వింటరు సార్," అని వచ్చింది క్యారల్.

పెద్దలు కూడా ఒప్పుకున్నారు. వచ్చే డిసెంబరు నుంచి చూపు ఆననివాళ్ల ఫోన్లలో వచ్చిన పేర్లు ప్రేమమణే చదవాలి. ఆమె అప్పుడే లవంగాలు కొని డబ్బాలో పోసి పెట్టుకుంది.