పాట ఉంది, మాట లేదు

మా బావ బస్టాండులో మైకు ముందు ఉద్యోగం చేసేవాడు. ఏ బస్సు ఎక్కడ ఆగి ఉందో, ఏది బయలుదేరబోతోందో చెప్పడం ఆయన పని. నాకే కాదు, అందరికీ ఆయన మైకు బావే. గొంతులో గడ్డ లేచింది. దాన్ని తీసేటప్పుడు స్వరపేటిక కూడా తీసేయాల్సి వచ్చింది. మనిషి దక్కాడు. అప్పటినుంచి పెదాలు కదులుతాయి, గాలి వస్తుంది, అంతే. అక్క ఆ పెదాల వంక చూసి "ఏంటీ?" అని ఒకసారి, "సరిగ్గా అనండి" అని ఇంకోసారి అడిగి, అప్పుడు అందుకుంటుంది.

అక్క నోరు పెద్దది. పెళ్ళయిన కొత్తలో వాళ్ళ పోట్లాట వీధి చివరి ఇంటికి కూడా వినబడేది. ఆపరేషన్ తర్వాత అక్క కూడా గొంతు తగ్గించింది. ఎవరూ తగ్గించమనలేదు. అవతలివాడు తిట్టలేనప్పుడు తిట్టడానికి మనసు రాదేమో.

నేను కాలిన మోటార్లకు తీగ చుట్టి బతుకుతాను. ఒక మధ్యాహ్నం అక్క నా షెడ్డుకు వచ్చి, రాగి తీగ చుట్ట పక్కకు జరిపి, ముక్కాలిపీట మీద కూర్చుంది.

"ఒరేయ్, ఒకటి అడుగుతాను. నవ్వకూడదు."

నేను తీగ చుడుతూనే తల ఊపాను.

"మీ బావ గొంతు నీకు గుర్తుందా?"

"ఉంది."

"ఎలా ఉండేది?"

చెప్పబోయాను. ఏమని చెప్పాలో తెలియలేదు.

"చూశావా? నాకూ అంతే. నిన్న గిన్నెలు తోముతూ, ఆయన నన్నెలా పిలిచేవాడో గుర్తు చేసుకుందామని చూశాను. 'ఏమోయ్' అన్న పిలుపు గుర్తొచ్చింది గానీ గొంతు రాలేదు. ఎవరిదో వచ్చింది. మా మరిదిదో, రేడియోలో వాడిదో." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇన్నేళ్ళు కాపురం చేసి మొగుడి గొంతు మరిచిపోయిన దాన్ని ఎక్కడన్నా చూశావురా?"

ఆయన గొంతు పోయేనాటికి ఫోన్లలో మాటలు దాచుకునే రోజులు ఇంకా రాలేదు. ఆ గొంతు ఉన్నది ఒక్కచోటే. బావ సెలవు పెట్టిన రోజున వేయడానికని ఆఫీసువాళ్ళు ఆయన చేతే ప్రకటనలు చదివించి, ఒక రీలు టేపు మీద ఎక్కించి పెట్టుకున్నారు. పాత సామాను పారేసేటప్పుడు బావ దాన్ని తెచ్చి బీరువాలో బట్టల మధ్య పెట్టాడు. అరచేతి వెడల్పు చక్రం, దాని చుట్టూ గోధుమరంగు నాడా. దాన్ని వినాలంటే ఆ కాలపు యంత్రమే కావాలి. ఉన్నవాళ్ళు ఎప్పుడో తూకానికి వేసేశారు.

"ఒకాయన అమ్ముతున్నాడట," అంది అక్క. "పాత రికార్డింగు షాపు. ఫోన్ చేశాను. కానీ చిక్కొచ్చి పడిందిరా, వేలం పెట్టాడు."

"వేలమా?"

"'పాట ఉందమ్మా, మాట లేదు, ఇష్టమైతే రండి' అన్నాడు. పాట పెట్టాక ఇంక బేరం మాటెక్కడిది? అంత కచ్చితంగా అన్నాడంటే పాడుకునేవాళ్ళు చాలామందే ఉన్నట్టు. రేపు పొద్దున్నే పోవాలి. నువ్వు చూసి కొనచ్చో లేదో చెప్పు. నీ నోరు తెరవాలంటే బేరింగులు ఊడబీకే పుల్లరు కావాలని తెలుసు. అయినా ఒక్క ముక్క చెప్పు చాలు."

మర్నాడు ముగ్గురం వెళ్ళాం. సందులో మేడ మీది గది, నిటారు మెట్లు. గోడల నిండా ఖాళీ అరలు. వాటిలో ఇదివరకు అట్టపెట్టెలు ఉన్న చోట్లు దుమ్ము పట్టకుండా తెల్లగా చతురస్రాల్లా మిగిలాయి. షాపాయన ముసలివాడు, కళ్ళజోడుకు ఒక పక్క పుల్ల బదులు దారం కట్టుకున్నాడు. ఆయన తప్ప గదిలో ఎవరూ లేరు.

అక్క నలువైపులా చూసింది. "మిగతావాళ్ళు రాలేదా బాబాయిగారూ?"

"ఎవరమ్మా?"

"పాటకి."

"పాటలకి ఇప్పుడెవరొస్తారు తల్లీ? అందరికీ ఫోన్లోనే ఉన్నాయిగా."

అక్క నా మోచేతిని గిల్లి, "ఎవరూ రాలేదు, మన అదృష్టం" అని చెవిలో అంది.

యంత్రం బల్ల మీద ఉంది. పైన చక్రాలు పెట్టుకునే ఇరుసులు రెండు, మధ్యలో టేపును చదివే హెడ్డు, కింద మీటలు. ఇలాంటిదాన్ని దూరం నుంచి చూడటమే గానీ నేనెప్పుడూ చెయ్యి పెట్టలేదు. తెలియని యంత్రం దగ్గర నేను ముందు కరెంటు పెట్టనివ్వను. చేత్తో తిప్పి చూస్తాను. ఇరుసులు తిప్పాను. నూనె తడి ఉంది, గరుకు లేదు. పక్కకు ఊపితే కదల్లేదు. టేపు ఒరుసుకుని హెడ్డు మీద గాడి పడితే గోరు పట్టుకుంటుందని బావ పెదాలతో చెప్పాడు. అక్క రెండుసార్లు "ఏంటీ?" అన్నాక నాకు చెప్పింది. గోరుతో లాగాను. పట్టుకుంది, కానీ కొంచెమే. టేపును నొక్కి లాగే రబ్బరు రోలరు మాత్రం గోరు దిగనంతగా గట్టిపడిపోయింది.

"అది మార్చుకోవాలి," అన్నాడు షాపాయన, నేను అడగకముందే. "ఉన్నదున్నట్టు చెబుతాను. తర్వాత తిట్టించుకునే వయసు కాదు నాది."

నాకు అన్నిటికన్నా బ్రేకు ముఖ్యం. వేగంగా తిరిగే చక్రాల్ని ఆపినప్పుడు రెండూ కలిసి ఆగాలి. ఒకటి ముందూ ఒకటి వెనకా ఆగితే మధ్యలో నాడా పుటుక్కుమంటుంది. మా దగ్గర ఉన్న టేపు ఒక్కటే. అందుకని షాపాయన టేపే ఒకటి పెట్టమన్నాను. ముందుకు పరిగెత్తించి ఆపాను. వెనక్కి పరిగెత్తించి ఆపాను. రెండు చక్రాలూ కాడెద్దుల్లా కలిసి నిలబడ్డాయి. తర్వాత ఆయన మీట నొక్కితే ఎవరో ఆడమనిషి పాట వచ్చింది. రాగం ఎక్కడా వణకలేదు.

"ఎలా ఉందిరా?"

"ఫర్వాలేదు."

"మావాడు ఫర్వాలేదన్నాడంటే బంగారమని," అంది అక్క షాపాయనతో.

బావ సంచిలోంచి తన టేపు తీశాడు. తీసి, ఇవ్వకుండా పట్టుకుని నా వంక చూశాడు. నేను మళ్ళీ ఒకసారి చక్రాలు పరిగెత్తించి ఆపి చూపించాను. అప్పుడు తనే ఎక్కించాడు. మొదటి నాలుగు చుట్లు వేలితో మెల్లగా విడదీసి, అంటుకుపోలేదని చూసుకుని, మీట నొక్కి అక్క పక్కకు వచ్చి నిలబడ్డాడు.

గంపకింద కోడిపిల్లలు కొట్టుకున్నట్టు కిచకిచమంటూ వచ్చింది. మాటలే, కానీ ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతున్నాయి. బావ చప్పున ఆపేశాడు.

అక్క ముఖం మాడిపోయింది. "టేపు పాడైపోయిందా?"

"టేపుకేం లేదమ్మా," అన్నాడు షాపాయన. "ఇది మాట టేపు. నేను ఫోన్లోనే చెప్పానుగా, పాట ఉంది, మాట లేదని."

అక్క అర్థంకానట్టు చూసింది.

"దీనికి రెండు వేగాలు తల్లీ. పాటలకి వేగంగా తిప్పుతారు, శ్రుతి నిలబడాలని. మాటలకి అందులో సగం చాలు, టేపు కలిసొస్తుంది. మేం షాపుల్లో పాట స్పీడు, మాట స్పీడు అనుకునేవాళ్ళం. దీనికి మాట స్పీడు ఎప్పుడో పోయింది. నేనెక్కించేవన్నీ పాటలే కదాని పట్టించుకోలేదు."

"అయితే... వేలంపాట?"

"వేలమేంటమ్మా?"

అక్క చెప్పింది. ముసలాయన కళ్ళజోడు తీసి నవ్వాడు. బావ భుజాలు ఎగిరిపడ్డాయి. ఆయన నవ్వు ఇప్పుడు అంతే, చప్పుడు లేకుండా ఒళ్ళంతా నవ్వుతాడు. అక్క కూడా నవ్వబోయి, మధ్యలో ఆగి, కుర్చీలో కూర్చుండిపోయింది.

"ఇంతేనన్నమాట," అంది.

"కావాలంటే అబద్ధం చెప్పి అంటగట్టేవాణ్ణి," అన్నాడు షాపాయన మెల్లగా. "పాటలకైతే తీసుకోమంటాను. మీకు వద్దమ్మా."

నేను యంత్రాన్ని నిలబెట్టి, వెనక మూత మరలు విప్పాను. మోటారు, దాని ఇరుసుకు చిన్న ఇత్తడి కప్పీ, అక్కడినుంచి బెల్టు, బెల్టు చివర బరువైన చక్రం. కప్పీకి రెండు మెట్లు ఉండాలి. లావు మెట్టు మీద బెల్టు ఉంటే పాట, సన్నమెట్టు మీదికి జారితే మాట. సన్నమెట్టు విరిగి ఉంది. మొండి మాత్రమే మిగిలింది.

"బావా, వెయ్యి," అన్నాను.

కిచకిచ మొదలైంది. ఆ బరువు చక్రం అంచున బొటనవేలు ఆనించి నొక్కాను. బెల్టు కీచుమంది. కిచకిచ కొంచెం దిగింది.

"తెగుతుందేమో తమ్ముడూ," అన్నాడు షాపాయన.

"బెల్టు నేనిస్తాను."

అక్క లేచి నిలబడింది. "నొక్కరా. ఇంకొంచెం."

నొక్కాను.

"ఊహూఁ. అది బళ్ళో పిల్లాడిది. ఇంకా... ఇంకా... అయ్యో, మరీ దిగింది, అది మా మామగారు! వదులు. అంత కాదు, కొంచెం. ఊఁ... ఊఁ... అదీ! కదిలించకు!"

వేలు కాలుతోంది. కదిలించలేదు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఎడమకాలి చెప్పు పోగొట్టుకున్నవారు, కుడికాలి చెప్పుతో సహా ఆఫీసుకు వచ్చి, చూపించి తీసుకొనవలెను. మూడవ నెంబరు ప్లాట్‌ఫారం మీద నిలిచియున్న బస్సు మరి కొద్దిసేపట్లో బయలుదేరును. ప్రయాణికులు తోసుకొనకుండా..."

గది నిండా బావ. అడుగున కాస్త ఇసుక కలిసినట్టుండే గొంతు, 'వలెను' దగ్గర మెట్టు దిగినట్టు దిగేది. నేను తలెత్తి చూస్తే బావ పెదాలు ఆ మాటలే అంటున్నాయి, ఒక్క అక్షరం వెనకపడకుండా. అక్క యంత్రం వైపు చూడటం లేదు. ఆ పెదాలనే చూస్తోంది.

ఇక పట్టలేక వేలు తీశాను. కోడిపిల్లలు తిరిగొచ్చాయి. బావ ఆపాడు.

"సరిగ్గా పట్టుకున్నావు తల్లీ," అన్నాడు షాపాయన. "శ్రుతి పెట్టె కూడా అంత సరిగ్గా చెప్పదు."

అక్క కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది. "ఒక్క ముక్క చెప్పు. కొనాలా, వద్దా?"

"కొత్త కప్పీ చేయించాలి. సన్నమెట్టు లావుమెట్టులో సగం. లేతు షాపులో మనవాడున్నాడు. రోలరు కూడా మార్చాలి. మిగతాదంతా గట్టిగా ఉంది." నాకే ఎక్కువ మాట్లాడినట్టు అనిపించింది. "కొను."

అక్క షాపాయన ఎదురుగా కుర్చీ లాక్కుంది. "వేలం లేదని తేలిపోయిందిగా బాబాయిగారూ. ఇంక బేరం మాట్లాడుకుందాం." ఆయన చెప్పిన ధరలో రోలరుకింత, కప్పీకింత, మెట్లెక్కిన ఆయాసానికింత అని కోసింది. ఆయన దారం కట్టిన కళ్ళజోడు సర్దుకుంటూ హాయిగా ఓడిపోయాడు.

యంత్రాన్ని నేనొక పక్కా బావ ఒక పక్కా పట్టుకుని మెట్లు దిగసాగాం. అక్క కింద నిలబడి, ఎన్నో ఏళ్ళుగా నేను విననంత గట్టిగా అరిచింది. "మెల్లగా! నడుం విరగ్గొట్టుకుంటే చాకిరీ ఎవరు చేస్తారు? పక్కకి జరగండి, గోడకి తగులుతోంది! చెబితే వినరు కదా ఏనాడూ!"

బావ మెట్టు మీద ఆగి, మెడ నరాలు పొంగేలా ఏదో అన్నాడు. నాకు గాలి తప్ప ఏమీ వినబడలేదు. అక్క 'ఏంటీ' అనలేదు.

"అబ్బ, అరవకండి," అంది. "వినబడుతోంది."