ఎదురుగోడ

ఏటవాలు బల్ల మీద పరిచిన ముదురు నీలం గుడ్డపై అరచేతిని పైనుంచి కిందికి జారుస్తూ, కళ్ళు మూసుకుని, ఆమె తప్పు కోసం వెతుకుతోంది. మూరన్నర కిందికి వచ్చేసరికి తగిలింది. సుద్దతో గుర్తు పెట్టి, సూదిమొనతో ముడిని వెనక్కి తోసి, తెగిన పోగు స్థానంలో కొత్త పోగును ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా నడిపించి, మిగిలిన కొసను కత్తిరించింది. ఇప్పుడక్కడ ఏదో జరిగిందని ఆ గుడ్డ నేసిన మగ్గానికి కూడా తెలియదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమె బతుకు ఇదే. పని బాగా చేసిందనడానికి గుర్తు, ఆ పని ఎవరికీ కనబడకపోవడం.

హాజరుపట్టీలో ఆమెకు వేరే పేరుంది గానీ మిల్లు మొత్తానికీ ఆమె అతుకులమ్మే. యాభై ఏడేళ్ళు దాటాయి. వంగి వంగి పనిచేయడంతో వీపు పైభాగం కొడవలిలా వంపు తిరిగింది. కుడి చూపుడువేలి చివర సూది పొడుచుకుని పొడుచుకుని చర్మం చెప్పు అట్టలా గట్టిపడింది. చేతులు రెండూ పనిలో ఉన్నప్పుడు సూదిని పెదాల మధ్య పట్టుకోవడం అలవాటు. అందుకే రఫూ గదిలో, అతుకులమ్మ నోట్లో ఎప్పుడూ సూది ఉంటుందని నవ్వుకుంటారు. ఆ మాటకు రెండర్థాలున్నాయని ఆమెకూ తెలుసు.

ఆ రోజు మధ్యాహ్నం సెలవు కావాలని వారం కిందటే అడిగింది. సరుకు లారీ ఎక్కాల్సిన రోజని మేస్త్రీ కుదరదన్నాడు. పైగా పొద్దున్నే గది మధ్య నిలబడి, అతుకులమ్మ దుప్పటి ఊళ్ళో పెద్ద హాలుకెక్కిందని అందరికీ వినబడేలా చెప్పాడు. పదహారు బల్లల మీదా సూదులు ఆగాయి.

"నేసింది మన చిక్కుదారంతోనే కదా. మిల్లు చెత్త మిల్లుదే. ఎవరినడిగి పట్టుకెళ్ళావని రేపు ఆఫీసువాళ్ళు అడిగితే ఏం చెప్తావు?"

అతుకులమ్మ పెదాల మధ్య నుంచి సూది తీసింది. "మిల్లులో ఉన్న చెత్తంతా మిల్లుదే అయితే, ముందు నిన్ను లోపల పెట్టి తాళం వేసుకోమంటాను."

ఎవరో కిసుక్కుమన్నారు. మేస్త్రీ ఇంకో రెండు తానులు తెచ్చి ఆమె బల్ల మీద ధబాలున పడేసి, ఇవి పూర్తయ్యాకే గేటు దాటేదని చెప్పి వెళ్ళిపోయాడు. ఆమె తల దించుకుని మళ్ళీ అరచెయ్యి ఆనించింది.

ఆ చిక్కుదారం కథ పెద్దదేం కాదు. రోజూ కత్తిరించిన కొసలను, కండెలకు మిగిలిన పోగులను ఊడ్చి బాయిలర్లో పోసేవారు. బూడిద రంగులు, నీలాలు, మట్టి రంగులు, నలుపుల్లోనే నాలుగైదు రకాలు. చేరిన కొత్తలో ఆమె జేబులో పట్టినన్ని ఇంటికి పట్టుకుపోయి, చిక్కు తీసి, ముక్కకు ముక్క ముడేసి, చిన్న చిన్న చదరాలు నేసేది. ఒకటి పక్క బల్లామె కూతురి పెళ్ళికి కానుకగా ఇచ్చింది. రెండు నెలల తరవాత వాళ్ళింటికి వెళితే అది గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా అయి కనిపించింది. అతుకులమ్మ దాని మీద కాలు పెట్టకుండా దాటి లోపలికి వెళ్ళింది, ఇచ్చిన టీ తాగింది, మళ్ళీ దాటుకుని బయటికి వచ్చింది. ఆ తరవాత తను నేసింది ఎవరికీ ఇవ్వలేదు.

పెద్దది మొదలుపెట్టి నాలుగేళ్ళయింది. భర్త పోయాక సగం ఖాళీ అయిన ఇనుప మంచాన్ని గోడకు నిలువుగా నిలబెట్టి, తలవైపు నుంచి కాళ్ళవైపుకు పడుగు దారాలు బిగించింది. అప్పటినుంచి ఆమె పడక నేల మీదే. ఉన్న రెండు గదుల్లో ఒక్కదానికే కిటికీ ఉంది. నేతకు వెలుతురు కావాలి కాబట్టి మంచం ఆ గదిలోనే నిలబడాలి. ఆ గది ఆమె ఆడపడుచుది.

ఇద్దరి మధ్య యుద్ధం అంతకు ముందే ఉంది. తొమ్మిదేళ్ళ కిందట ఒక సాయంత్రం భర్తకు గుండెలో నొప్పి వస్తే అక్కకు చెప్పాడు, డ్యూటీ నుంచి వచ్చిన పెళ్ళానికి చెప్పొద్దన్నాడు. అక్క తమ్ముడికిచ్చిన మాట నిలబెట్టుకుంది. తెల్లారేసరికి మనిషి లేడు. చెప్పకుండా చంపావని పెళ్ళాం, పక్కన పడుకుని కూడా తెలుసుకోలేకపోయావని అక్క. ఆ రెండు మాటలూ ఒక్కసారే అనుకున్నారు. ఆ తరవాత ఇద్దరూ ఒకరి ముఖం చూసి ఒకరు మాట్లాడుకోలేదు. అలాగని మాటలు మానేశారా అంటే అదీ లేదు. ఆడపడుచు టీగిన్నెతో చెప్పేది, అతుకులమ్మ తలుపు గొళ్ళేనికి జవాబిచ్చేది. వేరే వెళ్ళడానికి ఇద్దరికీ చోటు లేదు. ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి మీద, ఉప్పూ నిప్పూలా కాలం వెళ్ళదీశారు.

మంచం మగ్గమయ్యాక కిటికీ దగ్గర రోజూ రణమే. ఆమె తెరిచేది. దారం నూగు ఎగిరి దగ్గొస్తోందని, చలిగాలి కొడుతోందని ఆడపడుచు మూసేది. ఆ గదిలో దీపం పెట్టుకుని, కళ్ళు పొడుచుకుని రంగులు ఏరుకోవాల్సి వచ్చేది. ఆడపడుచు ఎప్పుడూ మగ్గానికి వీపు పెట్టి కూర్చునేది. నాలుగేళ్ళలో ఒక్కసారైనా తల తిప్పి చూడగా అతుకులమ్మ కంటపడలేదు.

నేసింది మరేమీ కాదు, ఆ కిటికీకి ఎదురుగా నాలుగు బారల దూరంలో ఉన్న గోడనే. సున్నం పెచ్చులూడి ఇటుకలు బయటపడిన చోట్లు, చెమ్మ దిగిన చారలు, కుడిపక్కన తుప్పు కారుతూ కిందికి దిగే నీళ్ళ పైపు, దాని మోచేతి వంపు దగ్గర ఒక గుప్పెడు నాచు. ఇరవై ఏడేళ్ళుగా ఆ ఇంట్లోవాళ్ళు చూసిన ప్రపంచం అదే.

చేతిపనుల ప్రదర్శన అని గోడకంటించిన కాగితం చూసి తనే దరఖాస్తు పెట్టుకుంది. నేసినదాని పేరు రాయమన్నచోట 'గోడ' అని రాసింది. నిన్న హాలువాళ్ళు వ్యాను తెచ్చి, చుట్టచుట్టి పట్టుకుపోయారు. ఈ పొద్దున ఆమె జడ వేసుకుంటుంటే ఆడపడుచు టీగిన్నె వైపు తిరిగి అంది, "నలుగురు చేరి నవ్వడానికి కూడా పెద్ద హాలు కావాలి కాబోలు."

అతుకులమ్మ గొళ్ళెం తీస్తూ, "ఏడవడానికైతే ఈ గది సరిపోతుంది," అని వచ్చేసింది.

రెండు తానులూ పూర్తయ్యేసరికి మూడు దాటింది. బయట వాన. బస్సు ఇరుకులో నిలబడి, దిగి, సందులోంచి అడ్డంగా నడిచి హాలు చేరేసరికి భుజాలు తడిసి ముద్దయ్యాయి. ఎత్తైన తెల్లని గోడలు, నున్నటి నేల, గుసగుసగా మాట్లాడుకుంటున్న మనుషులు. తన తడి చెప్పుల చప్పుడు తనకే పెద్దగా వినిపించింది. కుండలు దాటింది, బుట్టలు దాటింది. తన గోడ కనబడలేదు.

చివరి మూల గొర్రె చర్మంలాంటిదేదో నిలువెత్తున వేలాడుతోంది. వేల కొసలు, వేల ముడులు, బొచ్చులా. దాని పక్కన అట్ట ముక్క మీద 'అరణ్యం' అని అచ్చేసి ఉంది. దాని ముందు పదిమంది నిలబడి ఎంత బాగుందో అనుకుంటున్నారు. ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అది తన పనే. వెనక వైపు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎవరి కంటా పడకుండా వెనక్కి తోయడమే పనిగా పెట్టుకున్న ముడులన్నిటినీ ముందుకు తిప్పి, దీపాలు పెట్టి చూపిస్తున్నారు.

ఆ బొచ్చుకు సరిగ్గా ఎదురుగా, దారికి అడ్డంగా కుర్చీ వేసుకుని ఆడపడుచు కూర్చుని ఉంది.

చేతిలో ఫైలు పట్టుకున్న నిర్వాహకురాలు గబగబా వచ్చింది. నేసింది మీరేనా అని అడిగి, గొంతు తగ్గించి మొర పెట్టుకుంది. ఈ పెద్దావిడ పదకొండు గంటలకు పాత గొడుగేసుకుని వచ్చారట. అప్పటినుంచి వచ్చిన ప్రతివాళ్ళకూ ఇది తిరగేసి కట్టారని చెబుతున్నారట. ఒకాయన చెయ్యి పట్టుకుని లాగి మరీ చెప్పారట. మంచినీళ్ళిస్తే తాగలేదట, లెమ్మంటే లేవలేదట.

"దయచేసి తీసుకెళ్ళండి. ఆ వైపూ మేం చూశాం. అందులో ఏముందండీ, ఒట్టి గోడ. ప్రాణమంతా ఈ వైపే ఉంది."

అతుకులమ్మ నోరు తెరిచేలోపే కుర్చీలోంచి జవాబు వచ్చింది. "ఆ పైపు మాకు కుడిచేతి పక్క ఉంటుంది. ఇరవై ఏడేళ్ళుగా చూస్తున్నాను. మీరొచ్చి ఎడం పక్కంటే అది ఎడం పక్కకు పోతుందా?"

నిజమే, బొచ్చు సందుల్లోంచి తుప్పు రంగు చార ఎడమవైపున లీలగా తెలుస్తోంది. అది తెలియాలంటే అసలు వైపు కంఠతా వచ్చి ఉండాలి. అతుకులమ్మకు ముందు ఒళ్ళు మండింది. కృతజ్ఞత లాంటిదేదో కలుగుతుంటే అణుచుకుని, అలవాటు కొద్దీ కుర్చీ కోళ్ళతో అంది, "కొంతమందిని ఎవరు రమ్మన్నారో."

"ఎవరూ పిలవలేదు," అంది ఆడపడుచు, నేల వైపు చూస్తూ. "నాలుగేళ్ళు నా గదిలో నాకు ఊపిరాడనివ్వని దాన్ని తిరగేసి కట్టి అడవంటుంటే, చూస్తూ ఊరుకోవడానికి నేను గుడ్డిదాన్ని కాదు."

నిర్వాహకురాలు కార్యదర్శిని పిలుచుకొస్తానని వెళ్ళింది. అతుకులమ్మ మూలనున్న రెండు స్టూళ్ళు ఈడ్చుకొచ్చింది. ఒకదాని మీద తను ఎక్కింది. రెండోదాని మీదికి, వద్దంటున్నా వినకుండా, ఆడపడుచు ఎక్కింది. అది వేలాడుతున్న కర్రను చెరో కొస పట్టుకుని కొక్కేల నుంచి ఎత్తారు. అవతలి వైపు వంగిందని ఒకరు కర్రతో అంటే అవతలి వైపే వంగిందని ఇంకొకరు కొక్కేలతో, ముందు దించమంటే ముందు ఎత్తమని, ఆ కాసేపు కూడా పోట్లాట ఆగలేదు. కొసల దుమ్ము రేగి ఇద్దరూ దగ్గారు. తొమ్మిదేళ్ళలో ఇద్దరూ కలిసి పట్టుకున్న మొదటి వస్తువు అదే. గోడ వైపు ముందుకు తిరిగింది, కర్ర మళ్ళీ కొక్కేల్లో పడింది.

చూసేవాళ్ళలో ఒకాయన ఇందాకటి వైపే బాగుందని పెదవి విరిచి బుట్టల వైపు వెళ్ళాడు. మిగతావాళ్ళు కూడా గోడను ఒక చూపు చూసి, గోడే కదా అన్నట్టు చెదిరిపోయారు. వచ్చిన కార్యదర్శి చేతిగడియారం చూసుకుని, సాయంత్రం ఎలాగూ మూసేస్తాం, వదిలేయమన్నాడు.

ఆడపడుచు దిగి కుర్చీలో కూలబడింది. ముఖం సున్నం కొట్టినట్టుంది. కుడిచేత్తో ఎడమ భుజాన్ని పిసుక్కుంటోంది. బరువెత్తించావని ఎత్తిపొడవడానికే ఆ నటన అనుకుంది అతుకులమ్మ.

"దూరం పోయి చూడు," అంది ఆడపడుచు. గిన్నెతో కాదు, కుర్చీతో కాదు. "ఇంట్లో నాలుగడుగుల కంటే వెనక్కి పోయింది లేదుగా నువ్వు."

అతుకులమ్మ వెళ్ళింది. హాలు అవతలి కొసకు ముప్పై అడుగులు. అక్కడ నిలబడి వెనక్కి తిరిగింది.

గోడ నిలబడి ఉంది. వానకు తడిసిన గోడ, చెమ్మ వాసన రావడం ఒక్కటే తక్కువ. పైపు దగ్గర నాచు పచ్చగా, ఇప్పుడే మొలిచినట్టుంది. తన చేతులు ఇంత పని చేశాయని ఆమెకు తెలియదు. గుండె ఉబికి వస్తుండగానే కన్ను మాత్రం దాని పని అది చేసుకుపోయింది. తప్పు పట్టుకుంది. నడిమికి కాస్త పైన, జానెడు మేర, గోడ అడ్డంగా ఒక చాయ తేలిపోయి ఉంది. పైనా కిందా మసక, అక్కడ మాత్రం వెలుతురు.

ఆలోచిస్తే గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట ఆడపడుచు ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవై రోజులు ఆస్పత్రిలో ఉంది. ఆ ఇరవై రోజులూ కిటికీ మూసే మనిషి లేక, పగటి వెలుతురులో రంగులు ఏరుకుని నేసింది. ఆ వెలుతురే అక్కడ పట్టీలా మిగిలింది.

ఇంకేం కావాలి. కొత్త తగువు దొరికింది. నువ్వు కిటికీ మూసి కూర్చోబట్టే కదా మిగతాదంతా ఇలా మసకేసింది, అనాలి. కాదు, నువ్వు లేని ఇరవై రోజులూ ఇక్కడినుంచి చూసినా తెలిసిపోతున్నాయి, అనాలి. ఈసారి దేనితోనో కాకుండా ముఖం మీదే అనేయాలి. మాటలు పేర్చుకుంటూ ముప్పై అడుగులూ గబగబా నడిచింది.

"వదినా," అంది.

ఆడపడుచు తల కొంచెం ముందుకు వాలి ఉంది. కళ్ళు సగం తెరిచి గోడ వైపే ఉన్నాయి. అతుకులమ్మ వంగి ఒళ్ళో ఉన్న చేతిని పట్టుకుంది. వేలికొసతో మణికట్టు మీద నాడి కోసం వెతికింది. తగల్లేదు.

నిర్వాహకురాలు వచ్చి ఏమైందని అడిగింది. డాక్టరుకు ఫోన్ చేశారు, పక్క తలుపు తెరిచారు. కుర్చీలోనే మోసుకెళుతుంటే అతుకులమ్మ జారిపోతున్న శాలువా సరిచేస్తూ వెంట నడిచింది. బండి తలుపు వేసేముందు ఎవరో, ఆవిడకు ముందే ఏమైనా నొప్పి ఉందా అని అడిగారు.

"చెప్పలేదు," అంది ఆమె. "ఆ ఇంట్లో ఎవరూ చెప్పరు."

హాలు మూసే వేళకు వాన వెలిసింది. సందర్శకులు తమ తమ గొడుగులు ఏరుకుని వెళ్ళిపోగా, ముఖద్వారం పక్కనున్న డబ్బాలో ఒక్కటే మిగిలింది. పాతది, నల్లది. విరిగిన పిడికి ముదురు నీలం మిల్లు దారాన్ని, నేత రానివాళ్ళ చేతి వంకర టింకర చుట్లతో, గట్టిగా చుట్టి ముడేసి ఉంది.