యమున వెంట వచ్చిన రాయి

రండి రండి, ఇంకా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ చివరనున్న వాళ్లు అరుగు దిగి ఇటు రండి, గాలికి నా మాట మీ దాకా రాదు. చెప్పులు బయట విడిచారా? మంచిది.

ఆత్మకూరు దాటినాక రోడ్డు పక్కన తండా ఉంది కదా, కోతలైన రోజుల్లో అక్కడి పొద్దు ఇట్లా గడిచేది. మంచు తగ్గగానే ముసలి రంగి తారురోడ్డు మీద సగం దాకా వడ్లు పరిచేది. కాసేపయ్యాక చెప్పులు విడిచి, వడ్లలో కాళ్లు ఈడ్చుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేది. నాగటి చాళ్లలాగా గీతలు పడి, కింది తడి గింజ పైకొచ్చేది. ఆమె కొడుకు బాలాజీ బస్తాలు సర్దుకునేవాడు. మనుమరాలు యమున, రోడ్డు మీద వడ్లు లేని సగంలో, పరుగు తీసేది. ఎవరి పని వాళ్లది.

యమున సూర్యాపేటలో ఆటల హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే పిల్ల. ఆమెది పది కిలోమీటర్ల పరుగు. మరి హాస్టల్లో ఉండాల్సిన పిల్ల తండాలో ఎందుకుందంటారా? మిర్యాలగూడ పందెం వల్ల.

ఆ పందెంలో యమున రెండో స్థానంలో పోతోంది. ఏడో కిలోమీటరు రాయికి ఇవతల ఎవరో రైతు రోడ్డంతా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, వడ్లు ఆరబోసి ఉన్నాడు. ముందున్న అమ్మాయి బూట్లతోనే తొక్కుకుంటూ దాటిపోయింది. యమున ఆగింది. వడ్లలో కాలు పెట్టొచ్చు గానీ బూటు పెట్టకూడదు. ఇది ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. నాయనమ్మ విడిచిన చెప్పులను రోజూ చూసి చూసి వచ్చిందంతే. వంగి లేసులు విప్పింది. వేడి మీదున్న ఒంటిని అట్లా ఉన్నపళంగా ఆపితే ఊరుకుంటుందా? పిక్కలు పట్టేశాయి. బూట్లు చేత్తో పట్టుకుని వడ్లయితే దాటింది కానీ, అవతలనున్న కిలోమీటరు రాయి మీద కూలబడింది. వెనకున్న వాళ్లంతా ఒక్కొక్కరే ముందుకు పోతుంటే చూస్తూ కూర్చుంది. మళ్లీ లేవలేదు.

కోచ్ వీరేశం సారుది కోదాడ. మంచివాడు, కానీ పైవాళ్లకు జవాబు చెప్పుకోవాల్సిన మనిషి. "ఇంటికెళ్లి కాలు బాగు చేసుకోమ్మా. వచ్చే నెల కోదాడలో పందెం ఉంది. మెడల్ రాకపోయినా పర్లేదు, చివరిదాకా పరిగెత్తు. అదీ వదిలేశావంటే నీ సీటు ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు. అప్పుడు నా చేతిలో ఏమీ ఉండదు" అన్నాడు.

యమున తండాలో ఆటో దిగింది. ఆమె వాకిట్లోకి వచ్చేసరికి, పందెంలో కూలబడిన ఆ రాయి కూడా వచ్చేసింది. ఆకుపచ్చ తల, తెల్లటి ఒళ్లు, మీద 'మిర్యాలగూడ 7'.

బాలాజీ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "జర గోడకు ఆనుకుని ఉంటే బాగుండు, ట్రాక్టర్ తిప్పనీకి ఇరుకైతది" అన్నాడు. రంగి సాయంత్రానికి దానికి మేకను కట్టేసింది. పక్కింటి సాలికి మాత్రం నోరు ఊరుకోదు. "ఏం పిల్లా! అందరు పందెం పోయి మెడల్ తెచ్చుకుంటరు, నువ్వు రాయి తెచ్చుకున్నవ్?"

యమున నవ్వలేదు.

కాలు నెమ్మదించాక మళ్లీ పరుగు మొదలుపెట్టింది. మొదటి రోజు ఆత్మకూరు దిక్కు చాలా దూరం బాగానే పోయింది. మలుపు తిరిగితే ఎదురుగా రోడ్డు పక్కన రాయి. అది నడవడం ఎవరూ చూడలేదు. ఆమె ఎక్కడికి పోతే అక్కడికి, ఆమె కన్నా ముందే వచ్చి ఉంటుంది. దాన్ని చూడగానే కాళ్లు వాటంతట అవే నిలిచిపోయాయి. తర్వాత రోజు రాయి ఇంకొంచెం ఇవతలికి జరిగింది. ఆ తర్వాత ఇంకొంచెం. యమున దిక్కు మార్చి చూసింది, పొలం గట్లు పట్టి చూసింది, కళ్లు మూసుకుని ఉరికి చూసింది. రోజులు గడిచేకొద్దీ పరుగు పెరగాల్సింది పోయి తరిగింది. చివరికి తండా పొలిమేర కూడా దాటనివ్వలేదు.

బిడ్డ ముఖం చూడలేక బాలాజీ ఒకరోజు గడ్డపార తీశాడు. నలుగురిని పిలిచి రాయిని ట్రాక్టర్‌లోకి ఎక్కించి, తుంగతుర్తి దాకా పోయి అక్కడ దింపి వచ్చాడు. వచ్చేసరికి రాయి వాకిట్లోనే ఉంది. దాని మీద సాలి కూర్చుని వక్క నములుతోంది.

"ఇది ఎప్పుడో వచ్చింది బాలాజీ. నీ ట్రాక్టరే లేటు."

బాలాజీ గడ్డపార మూలకు పెట్టి, కాళ్లు కడుక్కుని లోపలికి పోయాడు. ఇంకేం చేస్తాడు?

వీరేశం సారు కూడా బండేసుకుని వచ్చాడు. యమునను తన ముందే ఉరకమన్నాడు. ఆమె రాయి దాకా వచ్చి ఆగిపోయింది.

"ఏంటమ్మా ఇది? రోడ్డంతా ఖాళీగానే ఉంది కదా. పక్కనుంచి వెళ్లొచ్చుగా?"

"పోవచ్చు సార్. కాళ్లు పోతలేవు."

"ఎందుకని?"

"తెల్వదు సార్."

ఆయన రాయిని బూటుతో తట్టాడు. దాని తల మీద చెయ్యి పెట్టి ఊపి చూశాడు. "నాకూ తెలీదమ్మా. కాలికి బలం లేదంటే బలం వచ్చే కసరత్తు చెప్తాను. రాయికి ఏం చెప్పను?" అని బండెక్కి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం వడ్లు కుప్పకు ఎత్తుతున్నప్పుడు యమున అడిగింది. "దాదీ, ఆ రోజు నేను బూట్లు ఇప్పకుండ తొక్కుకుంట పోయి, గెలిచి వస్తే ఏమంటుంటివి?"

దాది అంటే వాళ్ల భాషలో నాయనమ్మ. రంగి చేతిలో చీపురు ఆగింది.

"ఏమంటుంటినో తెల్వదు బిడ్డా. తొక్కినవని తిడుదునో, గెలిచినవని మురుద్దునో. నాకు ఎన్నడన్న మెడలొచ్చిందా, తెల్వనీకి?"

ఆమె మళ్లీ ఊడవసాగింది. యమున రాయి మీద కూర్చుని బస్తా మూతులు పట్టింది.

కోదాడ పందెం దగ్గర పడింది. అప్పుడే తుపాను అన్నారు. మధ్యాహ్నం దాకా ఎండ కాసిన ఆకాశం ఒక్కసారి నల్లబడింది. తండా అంతా వడ్లు కప్పడానికి రోడ్డు మీదికి ఉరికింది. "పట్టాలు తేండ్రి! ఆ కొస పట్టుకో! అరే, మా దిక్కు ఒక్క చెయ్యి వెయ్యుండ్రి!" ఎవరి వడ్లు వాళ్లవి, ఎవరి అరుపు వాళ్లది. బాలాజీ ఒక అంచు మీద బస్తాలు పడేశాడు. గాలి ప్లాస్టిక్ పట్టాను ఎగరేస్తుంటే రంగి ఇంకో అంచు మీద బోర్లా పడుకుంది. ఎక్కడ దొరికిన రాళ్లు అక్కడి వాళ్లు పెట్టుకున్నారు. గాలి కొట్టే మూల ఒక్కటే లేచి లేచి పడుతోంది. యమున రెండు చేతులతో పట్టుకున్నా ఆగడం లేదు. చుట్టూ చూసింది. రోడ్డు పక్కన తన రాయి నిలబడి ఉంది.

ఇన్ని రోజుల్లో ఆమె దానితో మాట్లాడటం అదే మొదలు.

"నా ఎదురుగ నిలబడుడు కాదు. చేతనైతే ఈడికొచ్చి కూసో."

రెప్ప వేసి తెరిచేసరికి రాయి పట్టా మూల మీద ఉంది. పట్టా కదల్లేదు.

అయినా సగం వడ్లు తడిశాయి. కింది నుంచి నీళ్లు పారితే పైన పట్టా ఏం చేస్తుంది? తెల్లారి చూస్తే అంచులలో ఉన్నవి అప్పుడే ఉబ్బాయి. రంగి గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్లీ అక్కడే పోసింది.   ఎండ రాగానే అందరూ మళ్లీ పరిచారు. చెప్పులు విడిచి మళ్లీ కాళ్లు ఈడ్చారు. పట్టా అయితే తీశారు గానీ, రాయి ఆ వడ్ల అంచునే ఉండిపోయింది.

కోదాడలో పందెం ఊరి చుట్టూ తిరిగే కొత్త రోడ్డు మీద పెట్టారు. కిలోమీటరు రాళ్లు ఇంకా నాటని రోడ్డు. యమున గుంపులో మధ్యన బయలుదేరింది. గెలుస్తానన్న ఆశ లేదు. ఆ రాయి ఎక్కడ కనబడుతుందా అన్న భయం ఒక్కటే ఉంది. ఏడో కిలోమీటరు దగ్గర పడేసరికి కాళ్లు ఆగడానికి సిద్ధమైపోయాయి. పిక్కలు బిగిశాయి. కళ్లు ఎడమ పక్క వెతికాయి, కుడి పక్క వెతికాయి.

రాయి లేదు.

కూర్చుందామంటే చోటు లేదు. ఎక్కడ ఆగాలో కాళ్లకు తెలియలేదు. ఇన్ని రోజులు పోదామంటే పోనివ్వని కాళ్లు ఇప్పుడు ఆగుదామంటే ఆగనివ్వడం లేదు. యమునకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఉరికింది. ఒకరిద్దరిని దాటింది, ఇంకొకరు తనను దాటిపోయారు. గీత దాటింది. దాటాక కూడా ఉరుకుతూనే ఉంది.

"అయిపోయిందమ్మా! ఆగు!" వీరేశం సారు వెనకాల పరిగెత్తాడు.

"యాడ ఆగాలె సార్?"

 ఆయన ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని ఆమెను దాటి పోయి, రోడ్డు పక్కన చతికిలబడ్డాడు. ఆయన దాకా వచ్చాకే ఆ కాళ్లు నిలిచాయి.

పతకం రాలేదు. సీటు మిగిలింది.

సూర్యాపేట బస్సెక్కే రోజు యమున వడ్ల దగ్గరికి పోయి రాయి పక్కన కాసేపు నిలబడింది. "ఇది నా ఎంట రాదా, దాదీ?" అంది.

"దానికి ఈడ పనున్నది, పో" అంది రంగి, కాళ్లు ఈడ్చుకుంటూనే.

రాయి ఇప్పటికీ అక్కడే ఉంది. మిర్యాలగూడ నిజంగా ఎంత దూరమో తెలియని బండివాళ్లు, దాని మీద ఏడు చూసి ముచ్చటపడి, ఎంత పోయినా ఊరు రాక తిట్టుకుంటుంటారు.

సరే, లేవండి. చీకటి పడకముందే ఇళ్లకు పొండి, అన్నం చల్లారిపోతది. దారిలో వడ్లు ఆరబోసి ఉన్నాయి. పక్కనుంచి పొండి. పక్కన చోటు లేకపోతే, చెప్పులు చేతిలో పట్టుకోండి.